రేకుల షెడ్డు కళాభిమాని

తన బొమ్మలన్నీ వరసబెట్టి కొంటున్న పేరు చెప్పని పెద్దమనిషి ఎవరో తేల్చుకోవాలని, కరీంనగర్‌లో ఫ్రేముల దుకాణం నుంచి కదిలిన ఆటో ట్రాలీ వెనకాలే మమతారాణి ఇంకో ఆటో మాట్లాడుకుని పోవడం దాకా మనం చూశాం. ఆ ట్రాలీ ఆమె అనుకున్నట్టు హైదరాబాద్ దారి పట్టలేదు. హుజూరాబాద్ మీదుగా జమ్మికుంట చేరి, పత్తి మార్కెట్ దాటి, ఎన్నడో మూతపడ్డ, అంతదాకా ఆమె చూడని జిన్నింగు మిల్లు ముందు ఆగింది. గేటు మీది తుప్పు పట్టిన అక్షరాలు కూడబలుక్కుని చదివి ఆమె అక్కడే నిలబడిపోయింది. అది ఆమె మామగారి పేరు. చనిపోయిన సుదర్శన్‌రావు పేరు.

మే నెల ఎండ నెత్తిన నిప్పులు కురిపిస్తోంది. కావలి మనిషి సదానందం గేటు తీసి, ఆమె కొత్త బొమ్మను ట్రాలీలోంచి దించి, చుట్టిన కవరు ఊడబెరికి, వడ్ల బస్తాను వేసుకున్నట్టు భుజాన వేసుకున్నాడు. రంగు పూసిన వైపు అతని చెమట చొక్కాకు రాసుకుంటోంది. అది చూసి మమతారాణి ఒళ్లు మండింది.

"ఓ పెద్దమనిషీ! అది బొమ్మనా, బస్తానా? జర సక్కగ పట్టుకోరాదు?"

సదానందం తిరిగి చూసి నోరు తెరిచాడు. "అయ్యో, చిన్న దొరసానీ! మీరా?"

"ఎవర్రా చిన్న దొరసాని?" షెడ్డు లోపలి నుంచి గొంతు వచ్చింది. "గీ ఇంట్ల ఒక్కతే దొరసాని. చిన్నది లేదు, పెద్దది లేదు. ఎవలొచ్చిన్రో లోపలికి రమ్మను."

ఆ గొంతు వినగానే మమతారాణికి సంగతంతా అర్థమైపోయింది. అర్థమైనా నమ్మబుద్ధి కాలేదు.

నమ్మితే ఆమెకు మిగిలేదేముంది? సిరిసిల్లలో మరమగ్గాల సాంచెల చప్పుడు మధ్య పుట్టి, హైదరాబాద్‌లో బొమ్మల చదువు చదివి, మనసుపడి వంశీధర్‌రావును పెళ్లి చేసుకుని, రెండేళ్ల కింద అతన్ని వదిలేసి కరీంనగర్ మంకమ్మతోటలో ఒక మేడ మీద గది తీసుకుని బతుకుతోంది. ఆమె బొమ్మల్లో మనుషులుండరు, చెట్లుండవు, దేవుళ్లుండరు. క్యాన్వాస్ మీద అక్రిలిక్ రంగు ఒక పూత, అది ఆరినాక ఇంకో పూత, దాని మీద మరొకటి. ఆఖరి పూత పచ్చిగా ఉండగానే, గోడలకు లప్పం పెట్టే ఇనుప రేకుతో పైనుంచి కిందికి గీకి లాగుతుంది. అడుగున ఉన్న రంగులు అక్కడక్కడ బయటపడతాయి. అంతే బొమ్మ.

ఇందులో ఏముందమ్మా అని అడిగినవాళ్లను ఆమె మనుషుల్లో లెక్కగట్టలేదు. ఒక హోటల్ యజమాని గోడకు రాధాకృష్ణుల బొమ్మ కావాలంటే, "మీ గోడకు కిరాణా దుకాణపోళ్లు ఇచ్చే క్యాలెండర్ చాలు" అని పంపేసింది. బడిలో డ్రాయింగ్ టీచరు ఉద్యోగాన్ని, పిల్లలతో జెండాలూ మామిడిపండ్లూ దిద్దించే కూలిపని అని వదిలేసింది. ఈ ఊరి జనానికి కండ్లున్నాయి గాని చూపు లేదని తోటి టీచర్ల ముఖం మీదే అంది. ఆ పొగరుకు ఆధారం ఒక్కటే. ఎవరో ఒకాయన ఆమె వేసిన ప్రతి బొమ్మా కొంటున్నాడు. ఒక్కదాన్నీ తిప్పి పంపలేదు. ఇదేమిటని ఒక్క మాట అడగలేదు. ఫ్రేములు కూడా వద్దన్నాడు. "ఫ్రేము వద్దన్నడంటే ఆయనకు బొమ్మ సంగతి తెలుసన్నట్టు" అని ఫ్రేముల దుకాణం ఓంప్రకాశ్‌తో ఆమె గర్వంగా చెప్పింది. ఓంప్రకాశ్ తల గోక్కుని చేతిలోని ఫ్రేము తుడుచుకోసాగాడు.

ఇప్పుడు ఆ కళాభిమాని షెడ్డు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన గడగడమని కూలర్ తిరుగుతోంది. జరీ అంచు చీర, చెవులకు రవ్వల కమ్మలు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. మిల్లులోని పాత ఇనుప సామాను తుక్కు కింద అమ్మేస్తున్నారు. ఆ పని దగ్గరుండి చూసుకోవడానికి వచ్చింది సరళాదేవి. మమతారాణి అత్తగారు.

"రా, నిలవడ్డవేంది? ఎన్నడన్న ఒకనాడు వస్తవని ఎరికే. ఇంత ఆలస్యం చేస్తవనుకోలే."

"అత్తమ్మా, నా బొమ్మలు కొన్నది మీరా?"

"ఓంప్రకాశ్ చెప్పలేదా? మంచోడే. నోరు మూసుకోమంటె మూసుకున్నడు."

మమతారాణికి నవ్వొచ్చింది. నవ్వకపోతే ఏడుపొచ్చేట్టుంది గనుక గట్టిగానే నవ్వింది. "మీకు బొమ్మల గురించి ఏం తెలుసని కొన్నరు? మీ ఇంట్ల దేవుని పటం సుత వంకర వేలాడుతది. పదేండ్లు చూసినా మీకు ఆ వంకర కనవడలే."

"నాకేం తెల్వదు. పెంట కొనెటోడు వాసన చూసి కొంటడా బిడ్డా?"

సదానందం తల దించుకుని బొమ్మను గోడకు ఆనించాడు. మమతారాణి ముఖంలో నెత్తురు పొంగింది. సరళాదేవి మాత్రం కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, ఎవరి పెళ్లి ముచ్చటో చెబుతున్నట్టు నింపాదిగా చెప్పుకుపోయింది.

"కరీంనగర్‌ల డాక్టరు ఇంటికి పేరంటానికి పోయిన. నలభై మంది ఆడోళ్లున్నరు. నట్టింట్ల గోడకు నీ బొమ్మ. మా ఆడిబిడ్డ లేచి దగ్గరికి పోయి కింద పేరు చదివింది. మమతారావు. పెండ్లయినంక నువ్వు పెట్టుకున్న పేరు. 'వదినా, గిది మీ కోడలు గీసిందట గద. ఏం గీసింది? పిల్లగాడు కూటి గిన్నె తన్నినట్టున్నది' అన్నది. ఒక్కతన్న ఆగిందా? అందరు కడుపు పట్టుకొని నవ్విన్రు. నేను సుత నవ్విన. నవ్వక ఏం చేస్త? ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలే. మా ఇంటి పేరు మోస్తున్న 'రావు' ఒకల గోడ మీద గట్ల నవ్వులపాలు కావద్దనుకున్న. తెల్లారి ఓంప్రకాశ్‌ను పిలిపిచ్చిన. గా పిల్ల ఏది తెచ్చినా నేను కొంట, ఇంకొకల కంట్ల పడనియ్యకు అన్న."

"దాచిపెట్టడానికి కొన్నరు!"

"మరి చూడనీకి కొంటరా?"

మమతారాణి తల వంచలేదు. "వంశీతోటి నాకు సంబంధం తెగింది. పేరు తోటి తెగలే. ఆ పేరుతోనే నన్ను లోకం గుర్తువట్టింది."

"ఏ లోకం?" సరళాదేవి చెయ్యి చాచి చుట్టూ చూపించింది. "గీ షెడ్డా?"

చెంప దెబ్బ తిన్నా అంత మంట పుట్టదు. పేరు చెప్పని ఆ పెద్దమనిషిని ఆమె ఎన్ని రకాలుగా ఊహించుకుంది! తెల్లగడ్డం, పొడవాటి గది, గోడనిండా వెలుతురు. పొద్దున్నే కాఫీ కప్పుతో వచ్చి ఒక్కో బొమ్మ ముందూ ఆగే మనిషి. ఆయన్ను తలుచుకునే ఊరందరినీ చీదరించుకుంది. ఆ ఊహను ఇప్పుడీ ఆడమనిషి ప్లాస్టిక్ కుర్చీ కింద వేసుకుని కూర్చుంది.

కాని పని ఆగదు. హైదరాబాద్ గ్యాలరీలో అరుణ్ అనే కుర్రవాడు ఆమె బొమ్మల ప్రదర్శన పెడతానన్నాడు. ఇప్పుడు వేస్తున్నవి చూసి ఈ పొద్దున ఫోనులో పెదవి విరిచాడు. "మరీ శుభ్రంగా ఉన్నాయి మేడమ్. పాతవి చూపించండి. ఈ సాయంత్రం లోపు ఫొటోలు రాకపోతే ప్రదర్శన పుస్తకంలో మీ పేజీలు వేరేవాళ్లకు ఇచ్చేస్తాను" అన్నాడు. గడ్డం పెంచి నల్ల లాల్చీ వేసుకున్నంత మాత్రాన చూపొస్తుందా అని ఆమె అతన్నీ ఈసడించుకుంది. కాని ఈ అవకాశాన్ని ఈసడించుకునే స్తోమతు ఆమెకు లేదు.

"నా బొమ్మలు నాకు చూపియ్యిన్రి. ప్రదర్శనకు కావాలె. పెట్టినంక తెచ్చి ఇస్త."

"నీ బొమ్మలు కావవి. అమ్ముకున్నవు. అయినా చూస్కో, చూస్తె అరగవు గద. సదానందం, తలుపు తియ్యి."

లోపలి గది తలుపు తీయగానే పొయ్యి మూత తీసినట్టు వేడి ముఖాన కొట్టింది. పైన ఒట్టి రేకులు. దూలాలకు పాత పత్తి దూది బూజులా వేలాడుతోంది. ఓ మూల నేల మీద క్యాన్వాసులు బల్లల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. రంగు పూసిన ముఖాలు ఎదురెదురుగా పెట్టి జతలు జతలుగా పేర్చారు. పైన బరువుకు జిన్నింగు యంత్రం పళ్లచక్రాలు.

మమతారాణి పరుగెత్తి చక్రాలను తోయబోయింది. చురచుర కాలుతున్నాయి. చీర కొంగు చుట్టుకుని తోసింది. సదానందం కూడా చేయి వేశాడు.

"కవర్లేవీ? ప్రతి బొమ్మను కవర్ల చుట్టి ఇచ్చిన!"

"మంచి మందం కవర్లమ్మా," అన్నాడు సదానందం భయం భయంగా. "అకాల వాన పడ్డప్పుడు వడ్ల కుప్పల మీద కప్పినం."

"ఇవి ఒకదాని మీద ఒకటి పెట్టద్దు! ఆరినా ఈ రంగు ప్లాస్టిక్ లెక్కనే. వేడికి మెత్తవడి అతుక్కుంటది. ఎండ తగలనియ్యద్దని ఓంప్రకాశ్‌కు ఎన్నిసార్లు చెప్పిన!"

"ఆయన నాకు చెప్పిండు." సరళాదేవి గడప దగ్గర నిలబడి ఉంది. లోపలికి రాలేదు, వేడి.

"మరి?"

"చెప్పిండనే గట్ల వెట్టిచ్చిన."

మమతారాణి ఆమె వంక చూసింది. ఇన్నేళ్ల కాపురంలో అత్తగారి ముఖంలో విసుగు చూసింది, కోపం చూసింది, అప్పుడప్పుడు జాలి కూడా చూసింది. ఇంత తీరికైన చీదర ఎన్నడూ చూడలేదు. కొని చింపేయొచ్చు, కాల్చేయొచ్చు. ఆపాటి శ్రమ కూడా ఆ బొమ్మలకు దండగ అనుకుంది ఆ మనిషి. ఎండకు వదిలేసింది.

పై జతను ఇద్దరూ పట్టి నిలబెట్టారు. ఒకటి నీలం బొమ్మ. మానేరు నీళ్లు చూసి వచ్చిన వారంలో వేసింది. దాని ముఖానికి అతుక్కున్నది ఎర్రమట్టి రంగు బొమ్మ, తర్వాతి ఎండాకాలం వేసింది. రెండింటి మధ్య వేలు కూడా దూరే సందు లేదు.

"అటు పట్టుకో. నేనిటు గుంజుత."

"ఖరాబైతదేమోనమ్మా."

"ఇంకేం ఖరాబైతది!"

గుంజింది. మొదట రాలేదు. మోకాలు ఆనించి, పండ్లు బిగబట్టి, కసి అంతా చేతుల్లోకి తెచ్చుకుని మళ్లీ గుంజింది. పుండు మీది పట్టీ ఊడదీసినట్టు పరపరమని మోగుతూ రెండూ విడిపోయాయి. సదానందం ఒక బొమ్మతో సహా వెల్లకిలా పడబోయి గోడను పట్టుకున్నాడు.

మమతారాణి తన చేతిలో ఉన్నదాన్ని గోడకు ఆనించి వెనక్కి జరిగింది. దాని ముఖం చూసి తిట్లు లంకించుకుందామని నోరు తెరిచి, ఆ సంగతే మరిచి దాని ముందుకు వంగింది.

నీలం పైపూత సగం ఊడిపోయి ఎర్రబొమ్మతో పోయింది. పోయిన చోట అడుగు పసుపు ఎండిన చెరువు నేలలా పగిలి కనిపిస్తోంది. ఎర్రటి తునకలు కొన్ని నీలం మీదే ఉండిపోయాయి, అంచులు చిరిగి పైకి లేచి. ఒక పక్క ఏమీ కాలేదు. ఇంకో పక్క క్యాన్వాస్ బట్ట దాకా బయటపడింది. ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి కాదిది. ఆమె చెయ్యికి ఎప్పుడూ తెలుసు. గీకుతూ గీకుతూ అందం చెడిపోయే ముందు రేకు ఎత్తేసేది. ఆ ఎత్తేయడాన్నే నేర్పు అనుకుంది ఇన్నాళ్లూ. దీని ముందు పెడితే తన బొమ్మలన్నీ అద్దకపు చీరల్లా కనిపిస్తాయని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

వెనక అడుగుల చప్పుడైంది. వేడికి జంకి గడప దగ్గరే ఆగిన సరళాదేవి లోపలికి వచ్చింది. కళ్లజోడు సరిచేసుకుని బొమ్మ దగ్గరికి నడిచి, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నట్టు దాని ముఖంలోకి చూసింది. చెమట చెంపల మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు.

"గిదేంది?" అంది చివరికి. ఆ గొంతులో ఎగతాళి లేదు.

మమతారాణి ఫోను తీసి ఫొటో కొట్టింది. కొట్టకుండా ఉండలేకపోయింది. దూరం నుంచి ఒకటి, దగ్గరి నుంచి ఒకటి తీసి అరుణ్‌కు పంపింది. పంపాక, ఎందుకు పంపానా అనుకునే లోపే ఫోను మోగింది. రేకుల గదిలో అతని గొంతు స్పష్టంగా వినబడింది.

"మేడమ్! ఎక్కడ దాచారు దీన్ని? ఎప్పుడు వేశారు?"

"పాతదే."

"మీ ఇప్పటి బొమ్మలన్నీ చూశాను కదా. భయపడకుండా గీకింది ఇదొక్కటే. కోపం తెచ్చుకోకండి, మిగతావి చూసి ఇంటి గోడల కోసం వేస్తున్నారేమో అనుకున్నాను. ఇది వేరే. ఈ పైపూత ఇలా ఎలా లేపారు? అసలు ఇది మీరే చేశారా?"

మమతారాణి ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. వేసిన పూతలన్నీ నావే కదా అనుకుంది. గుంజిన చేతులూ నావే కదా. కాని బొమ్మను బొమ్మగా చేసింది పూతలు కాదు, గుంజడమూ కాదు. ఈ రేకుల ఎండ, ఈ ఇనుప బరువు, చెప్పినా వినకుండా పెట్టించిన మనిషి ఏవగింపు. ఆ మాట చెబితే? చెబితే అతను నవ్వుతాడు. పేరంటంలో ఆడవాళ్లు నవ్వినట్టు నవ్వుతాడు.

"నేనే," అంది.

"అయితే షో దీంతోనే మొదలవుతుంది. ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

ఆమె చూపు మూలన ఉన్న జతల మీద పడింది.

"ఉన్నయి."

ఫోను పెట్టేసింది. సరళాదేవి ముఖం వైపు చూడాలంటే మొదటిసారి భయమేసింది. మాయమైన ఎగతాళి ఆ ముఖంలోకి మెల్లగా తిరిగి వస్తోంది.

"అబ్బ! ఎంత సాఫుగ చెప్పినవు బిడ్డా. నేనే అన్నవు. నాలుక తడవడలే. ఇన్నొద్దులు మా అసొంటోళ్లను చూసి మూతి తిప్పినవు. మాకు చూపు లేదంటివి, నకిలీ మనుషులంటివి. గిప్పుడు నువ్వు చేసిందేంది?"

"గీ బొమ్మ వేసింది నేను."

"వేసినవు. వేసినప్పుడు అది గిట్ల లేకుండె. కొన్నది నేను. గీడ వెట్టిచ్చింది నేను, ఎండల ఉడికిచ్చింది నేను. నువ్వు పట్టి గుంజినవు. గుంజుడు సదానందానికి సుత వచ్చు." ఇంకోసారి బొమ్మ వైపు చూసి కళ్లు తిప్పుకుంది. "తీస్కపో. ఒక్కటి గాదు, అన్ని తీస్కపో. నేను వద్దనను."

ఆ ఔదార్యం మమతారాణికి తిట్టు కంటే భయంగా తోచింది. "మీకేం కావాలె?"

"ఏం వద్దు. నన్ను సుత హైదరాబాద్ తోలుకపో. బొమ్మలు నావి గద, మొదటి వరుసల కుర్చీ ఏపియ్యి. అందరు కూసున్నంక ఎవలో ఒకలు అడుగుతరు గద, మేడమ్ గిది ఎట్ల చేసిన్రని. అప్పుడు నువ్వు చెప్తవా, నేను లేచి చెప్పాల్నా? గా ముచ్చట గీడనే తేలాలె."

బయట తుక్కు కొనేవాళ్ల లారీ హారన్ కొడుతోంది. ఎవరూ అటు చూడలేదు.

సదానందం ఈలోగా రెండో జతను తన భుజం మీది తువ్వాలుతో పట్టి పైకి లేపి, అంచుల కింద వేళ్లు దూర్చి సిద్ధంగా నిలబడ్డాడు.

"గిది సుత గుంజాల్నా, అమ్మా?" అని అడిగాడు.

ఆ అమ్మ ఎవరో అతను చెప్పలేదు. ఇద్దరూ ఒక్కసారే నోరు తెరిచారు.